రేకు పెట్టెలో మిగిలిన నవల



ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్లకు ఈ కథ సగం తెలుసు. మైకు ముందు కూర్చుంటే నాకు కొన్ని మాటలు గొంతులోనే ఆగిపోతాయి. అందులో ఒకటి అసలు చెప్పకుండానే ఎపిసోడ్ ముగించేశాను. ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగే. శుక్రవారం బట్టలు ఉతుక్కుని, వంట అయ్యాక తీరిగ్గా చదువుకోండి.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం నా గురించి రెండు ముక్కలు. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి 2003లో దుబాయ్ వచ్చాను. హెల్పర్‌గా మొదలుపెట్టి, ఫోర్‌మన్ అయ్యి, ఇప్పుడు ఫినిషింగ్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. పుట్టీ, ప్రైమర్, పెయింట్, టైల్స్, జిప్సం సీలింగ్ పనులన్నీ నా కిందికే వస్తాయి. సాహిత్యం నా లైన్ కాదు. కానీ ఈ కథ నా లైన్‌దే, ఎందుకంటే ఇది ఒక పెయింటర్ కథ.

2019లో ఒక హోటల్ ప్రాజెక్టు హ్యాండోవర్ నడుస్తోంది. కన్సల్టెంట్ తరఫున ఒక ముసలి ఇంగ్లిష్ ఇన్‌స్పెక్టర్ ఉండేవాడు. గోడ మీదికి టార్చి అడ్డంగా కొట్టి, ఒక్కో గదికి ఇరవై ముప్పై స్నాగులు రాసేవాడు. మా పిల్లలకు ఆయన పేరు చెబితేనే జ్వరం. అలాంటి మనిషి వెళ్లిపోయే రోజు నన్ను పిలిచి, మూలలు అరిగిన లావుపాటి పుస్తకం ఒకటి చేతిలో పెట్టాడు. తన తండ్రి కూడా పెయింటరేనని, ఈ పుస్తకం ఆయనదేనని చెప్పాడు. ఇంట్లో ఇది చదివేవాళ్లు ఇక ఎవరూ లేరని, నువ్వైతే చదువుతావని అన్నాడు.

పుస్తకం పేరు 'ది రాగెడ్ ట్రౌజర్డ్ ఫిలాంత్రపిస్ట్స్'. మన మాటల్లో చెప్పాలంటే చిరుగుల ప్యాంటు దానకర్ణులు. రాసింది రాబర్ట్ ట్రెసెల్. నా ఇంగ్లిష్‌కు అది చదవడానికి పది నెలలు పట్టింది. ఫోన్లో డిక్షనరీ పెట్టుకుని శుక్రవారం శుక్రవారం చదివాను. పుస్తకం అయ్యాక రాసినాయన గురించి వెతికి చదివాను. అది పుస్తకం కంటే ఎక్కువ పట్టి పీడించింది.

ఎవరీ మనిషి

ఆయన అసలు పేరు ట్రెసెల్ కాదు. రాబర్ట్ నూనన్. 1870లో ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో పుట్టాడు. తండ్రికి, తల్లికి పెళ్లి కాలేదు. చిన్నప్పుడు తండ్రి ఇంటిపేరుతో క్రోకర్ అని నమోదైంది, తర్వాత తల్లి ఇంటిపేరు నూనన్‌ను తీసుకున్నాడు. ఇరవై ఏళ్లకే దేశం దాటాడు. మనం గల్ఫ్‌కు వచ్చినట్టు ఆ రోజుల్లో వాళ్లు దక్షిణాఫ్రికాకు వెళ్లేవాళ్లు. కేప్‌టౌన్‌లో పెళ్లి చేసుకున్నాడు, కూతురు పుట్టింది, పేరు కాథ్లీన్. కాపురం నిలవలేదు. కూతుర్ని తన దగ్గరే ఉంచుకుని జొహన్నెస్‌బర్గ్ చేరాడు. అక్కడ తెల్ల మేస్త్రీలకు జీతాలు బాగుండేవి.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ ఊళ్లో ఆయన బిల్డింగ్ పనివాళ్ల సంఘాల్లో నాయకత్వం చేశాడు. నైపుణ్యం ఉన్న పనుల్లో నల్లవాళ్లను పెట్టుకోవద్దని ఆ సంఘం చేసిన ఆందోళనలో ఆయన కూడా ఉన్నాడు. తర్వాతి రోజుల్లో అంత గొప్పగా పనివాడి పక్షాన రాసిన మనిషి అప్పుడు పక్క పనివాడి పొట్ట మీద కొట్టే పక్షాన నిలబడ్డాడు. మన సైట్లలో కూడా చూస్తూనే ఉన్నాం కదా. 'మా దేశపోళ్లకు ఓటీ ఇయ్యి, వాళ్లకు వద్దు' అని నా దగ్గరికి వచ్చేవాళ్లు వారానికి ఇద్దరైనా ఉంటారు. అందుకే ఆయన్ని దేవుణ్ని చేసి చెప్పడం లేదు.

బోయర్ యుద్ధం మొదలయ్యే రోజుల్లో దక్షిణాఫ్రికా వదిలి, ఇంగ్లండ్ దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న హేస్టింగ్స్ అనే ఊరికి చేరాడు. అక్కడ ఇళ్లకు రంగులు వేయడం, షాపులకు బోర్డులు రాయడం ఆయన పని. చేతిలో మంచి విద్య ఉంది. సెయింట్ ఆండ్రూస్ అనే చర్చిలో గోడల మీద నగిషీ పని చేశాడు. ఆ చర్చిని 1970లో పడగొట్టినప్పుడు అందులో ఒక ముక్కను మాత్రం కాపాడి ఆ ఊరి మ్యూజియంలో పెట్టారు. కానీ విద్య ఎంత ఉన్నా జీతం గంటల లెక్కే. పని ఉంటే కూలి, వాన పడితే లేదు, చలికాలం సగం రోజులు ఖాళీ. ఆ మీద ఊపిరితిత్తుల జబ్బు. కాంట్రాక్టర్లతో గొడవలు. 1906లో సోషలిస్టు సంఘంలో చేరాడు. దాదాపు అప్పటి నుంచే రాత్రిపూట నవల రాయడం మొదలుపెట్టాడు.

ఆ నవలలో ఏముంది

కథ జరిగే ఊరు మగ్స్‌బరో. అంటే తెలివితక్కువ వాళ్ల ఊరు అని. హేస్టింగ్స్‌నే అలా మార్చి పెట్టాడు. ఒక పాత బంగళాకు రిపేర్లు, రంగులు. ఆ పనిలో ఇరవై ముప్పై మంది. వాళ్లలో ఓవెన్ అనే పెయింటర్ ఉంటాడు. జబ్బు మనిషి, చదువుకున్నవాడు. మధ్యాహ్నం టీ తాగేటప్పుడు తోటివాళ్లకు మనం ఎందుకు ఇలా ఉన్నాం అని చెప్పబోతాడు. వాళ్లు నవ్వుతారు. ఒక చోట రొట్టె ముక్కలు పోగేసి, మూడు కత్తులు తీసుకుని, చిల్లర డబ్బులతో ఒక ఆట ఆడి చూపిస్తాడు. పని చేసినవాళ్ల చేతుల్లో చివరికి ఏమీ మిగలదు. రొట్టె, కత్తులు, డబ్బులు అన్నీ ఒకడి దగ్గరికే చేరతాయి. ఎకనామిక్స్ పుస్తకం ఏదీ చదవని నాకు ఆ పది పేజీల్లో నా జీతం లెక్క అర్థమైంది.

దానకర్ణులు అన్న పేరు అందుకే. చిరిగిన ప్యాంటు వేసుకున్న పనివాడు తన కష్టాన్ని యజమానికి దానం చేస్తూ, పైగా అదే న్యాయమని వాదిస్తుంటాడు. ఆ కోపం తోటి పనివాళ్ల మీద కూడా ఉంది ఆ పుస్తకంలో. ప్రేమ కూడా ఉంది.

పనిలో దొంగతనాలు చదివితే నవ్వు, సిగ్గు రెండూ వస్తాయి. మూడు కోట్లని బిల్లు వేసి ఒకటో రెండో వేయడం. పగుళ్లు సరిగా నింపకుండా పైన రంగు కొట్టేయడం. చేయి తిరిగిన పనివాణ్ని తీసేసి సగం కూలికి కొత్తవాణ్ని పెట్టడం. నూరేళ్ల కింద ఇంగ్లండ్‌లో జరిగింది చదువుతున్నానా, పోయిన నెల మా ఆరో ఫ్లోర్‌లో జరిగింది చదువుతున్నానా అనిపించింది.

ఆ పుస్తకంలో హంటర్ అని ఒక మేనేజర్ ఉంటాడు. పనివాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు మిజరీ. చప్పుడు కాకుండా వచ్చి తలుపు సందులోంచి చూస్తాడు. ఒక ముసలి పెయింటర్ పని టైములో పైపు తాగుతుంటే పట్టుకుని అక్కడికక్కడే పనిలోంచి తీసేస్తాడు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు బయట తిరిగి వచ్చాను. ఓవెన్ బాధ చదువుతూ ఓవెన్ నేనే అనుకుంటున్నాను అప్పటిదాకా. కాదు. నా చేతిలో టైమ్‌షీట్ ఉంది, నడుముకు వాకీటాకీ ఉంది. చెప్పులు చప్పుడు కాకుండా మెట్లెక్కడం నాకూ వచ్చు.

పదహారు వందల పేజీలు

ఆయన రాసింది చేతిరాతలో 1,600 పేజీలు. దాదాపు రెండున్నర లక్షల పదాలు. పగలంతా నిచ్చెన మీద నిలబడి, రాత్రి దగ్గుతూ, నాలుగేళ్లు రాశాడు. బోర్డులు రాసే చేయి కదా, ముఖపత్రాన్ని కూడా తానే అక్షరాలు దిద్ది అందంగా తయారు చేసుకున్నాడు. సొంత పేరు పెట్టలేదు. ఆ పేరు బయటపడితే ఊళ్లో ఇక ఎవరూ పని ఇవ్వరని భయం. అందుకని పెయింటర్లు పలక వేసుకోవడానికి వాడే కాళ్ల బల్ల పేరు తీసుకున్నాడు. ఇంగ్లిష్‌లో దాన్ని ట్రెసెల్ అంటారు. మన సైట్లో రోజూ మోసే బల్లే. పనిముట్టునే ఇంటిపేరు చేసుకున్నాడు.

1910 నాటికి రాయడం అయింది. పబ్లిషర్లకు పంపాడు. మూడు సంస్థలు తిప్పి పంపాయి.

దీని గురించి చాలా ఆలోచించాను. గోడకు రంగు వేసినప్పుడు తప్పుంటే ఇన్‌స్పెక్టర్ స్నాగ్ లిస్ట్ ఇస్తాడు. ఫలానా గది, ఫలానా మూల, బ్రష్ గీతలు కనిపిస్తున్నాయి, మళ్లీ సాండింగ్ చేసి కోటు వెయ్యండి. తిట్టుకుంటాం కానీ ఏం చేయాలో తెలుస్తుంది. సాయంత్రానికి సరి చేసి సంతకం పెట్టించుకుంటాం. పుస్తకానికి అది లేదు. నాలుగేళ్ల పని కట్టకట్టి పంపితే అదే కట్ట తిరిగి వస్తుంది. ఎక్కడ తప్పుందో ఎవరూ చెప్పరు. అసలు విప్పి చూశారో లేదో కూడా తెలియదు. అప్పుడు తప్పు పనిలో లేదు, నాలోనే ఉందని మనిషి అనుకుంటాడు. పెయింటర్‌వి పెయింట్ వెయ్యక నీకు రాతలెందుకు అని లోపల ఒక గొంతు మొదలవుతుంది. ఆ గొంతు బయటివాళ్లదే. కానీ మన గొంతుతోనే మాట్లాడుతుంది.

మన తెలుగులో మొదటి నవల రాసినవాళ్ల బాధ కూడా ఇంతే అనిపిస్తుంది. సొంత డబ్బులతో ఐదు వందల కాపీలు వేయించుకుంటారు. ఆవిష్కరణ సభ పెడతారు. శాలువాలు కప్పుతారు, ఫోటోలు దిగుతారు. తెలిసినవాళ్లందరికీ కాపీలు ఊరికే ఇస్తారు. ఆ తర్వాత నెల రోజులు ఫోను వైపు చూస్తూ కూర్చుంటారు. చదివాను, ఫలానా చోట ఏడుపొచ్చింది, ఫలానా చోట విసుగొచ్చింది అని ఒక్కరు చెప్పినా చాలు. ఎక్కువసార్లు ఆ ఫోను రాదు.

నూనన్ ఆ 1,600 పేజీలను తగలబెట్టబోయాడు. కూతురు కాథ్లీన్ ఆపింది. కాగితాలన్నీ తీసి రేకు పెట్టెలో పెట్టి మంచం కింద దాచింది. అప్పటికి ఆ అమ్మాయికి ఇరవై ఏళ్లు కూడా లేవు.

ఆయన కెనడా పోదామనుకున్నాడు. ఇంకో దేశం, ఇంకో ప్రయత్నం. 1910లో ముందు తానొక్కడే లివర్‌పూల్ రేవుకు వెళ్లాడు. ఓడ ఎక్కలేదు. జబ్బు ముదిరి అక్కడే బీదల ఆసుపత్రిలో పడ్డాడు. 1911 ఫిబ్రవరి 3న చనిపోయాడు. నలభై ఏళ్లు. దహనానికో ఖననానికో డబ్బు కట్టేవాళ్లు లేక, వాల్టన్ జైలుకు ఎదురుగా ఉన్న శ్మశానంలో ఇంకో పన్నెండు మంది బీదలతో కలిపి ఒకే గోతిలో పూడ్చారు. పైన రాయి లేదు, పేరు లేదు.

ఆయన లెక్కన అప్పటికి ఆ నవల ఓడిపోయింది. ఒక్క పేజీ కూడా అచ్చు కాలేదు. మిగిలింది కూతురి రేకు పెట్టె ఒక్కటే.

నేను రాసిన లిస్టు

ఎపిసోడ్‌లో చెప్పనిది ఇదే.

2013లో నా టీములో ఒక పెయింటరన్న ఉండేవాడు. నిజామాబాద్ వైపు మనిషి, యాభై దాటాయి. రోలర్ పడితే గోడ అద్దంలా వచ్చేది. క్యాంపులో పై మంచం ఆయనది. రాత్రి లైటు తీశాక కూడా ఫోన్ టార్చి పెట్టుకుని ఒక పొడుగు నోట్‌బుక్కులో ఏదో రాసేవాడు. అప్పుల లెక్క అనుకునేవాళ్లం. ఒకరోజు సైట్లో నీళ్లు తాగుతూ మెల్లగా అన్నాడు: "సార్, ఓ నవల లెక్క రాస్తున్న. మా ఊరి కాడికెంచి ఈడిదాక. మీరు సదువుకున్నోళ్లు, జర సూసి ఎట్లున్నదో చెప్పుండ్రి."

నోట్‌బుక్ తీసుకున్నాను. నెల రోజులు నా బ్యాగులో ఉంది. చదివింది ఆరు పేజీలు. హ్యాండోవర్ ఒత్తిడి అని నాకు నేను చెప్పుకున్నాను. తిరిగిచ్చేటప్పుడు "బాగుందన్నా, రాయి" అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆరు పేజీలే చదివానని ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది. "సరే సార్" అని నోట్‌బుక్ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నాలుగు నెలలకు నిద్రలోనే పోయాడు. గుండె ఆగింది అని కాగితంలో రాశారు. మీలో చాలామందికి ఈ పని తెలుసు. బాడీ ఇంటికి పోయేటప్పుడు సామాను లిస్టు రాయాలి, సూపర్‌వైజర్ సంతకం చేయాలి. రాసింది నేనే. ఫోను ఒకటి, చార్జర్ ఒకటి, చేతి గడియారం ఒకటి, వెండి ఉంగరం ఒకటి, బట్టలు నాలుగు జతలు, పిల్లలకు కొన్న బొమ్మలు రెండు, దుప్పటి ఒకటి. మరుసటి రోజు ఆ మంచానికి కొత్త మనిషి వస్తున్నాడు. పరుపు కింద నోట్‌బుక్, కొన్ని రసీదులు, పాత టైమ్‌షీట్లు కలిపి కట్టగా ఉన్నాయి. క్లీనింగ్ కుర్రాడు అడిగాడు: "సార్, ఈ కాగితాలు?"

"పనికొచ్చేవి కావు, తీసెయ్" అన్నాను.

రెండు నెలల తర్వాత ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "సార్, మా నాయిన ఏదో బుక్కు రాస్తుండెనంట, ఫోన్ల జెప్తుండె. సామాన్ల రాలే. అక్కడేమన్న ఉన్నదా?" వెతికిస్తా బాబూ అన్నాను. వెతకడానికి ఏమీ లేదని నాకు తెలుసు. మళ్లీ ఫోన్ వస్తే ఎత్తలేదు.

రేకు పెట్టె గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక పెయింటర్ నవలకు కాథ్లీన్ దొరికింది. ఇంకో పెయింటర్ నవలకు నేను దొరికాను.

ఇరవై ఐదు పౌన్లు

ఇక ఆ పెట్టె ఏమైందో చూద్దాం. తండ్రి పోయాక కాథ్లీన్ లండన్‌లో ఒకరింట్లో పిల్లల్ని చూసుకునే పనిలో చేరింది. ఆ ఇంటికి వచ్చిపోయే జెస్సీ పోప్ అనే రచయిత్రికి, మా నాన్న ఒక నవల రాశాడు అని మాటల్లో చెప్పింది. ఆమె చదివింది. తనకు తెలిసిన గ్రాంట్ రిచర్డ్స్ అనే పబ్లిషర్‌కు చెప్పింది. ఆయన వేసుకుంటానన్నాడు. హక్కులన్నీ కలిపి 25 పౌన్లకు కాథ్లీన్ అమ్మేసింది. తప్పు పట్టను. చేతిలో డబ్బు లేని పిల్లకు ఆ సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు ఎవరుంటారు? మనం మాత్రం అగ్రిమెంటు చదివి పెట్టామా?

1914 ఏప్రిల్‌లో పుస్తకం వచ్చింది. ఆయన పోయి మూడేళ్లు. కానీ వచ్చింది ఆయన రాసిన పుస్తకం కాదు. జెస్సీ పోప్ ఇంచుమించు లక్ష పదాలు కోసేసింది. సోషలిజం చర్చలు చాలా పోయాయి. అధ్యాయాలను అటూ ఇటూ మార్చి, ఓవెన్ బతుకు మీద ఆశ వదులుకునే చోటుకు కథ చివరను తెచ్చింది. ఆయన రాసిన ముగింపులో ఆశ ఉంది. పేరు కూడా ట్రెసాల్ అని తప్పు అచ్చయింది. అలా ఆయన బల్ల పేరు కూడా ఆయనకు సరిగ్గా దక్కలేదు.

అయినా జెస్సీ పోప్‌ను తిట్టలేను. ఆమె చదివింది. ముగ్గురు పబ్లిషర్లు చేయని పని, నేను చేయని పని ఆమె చేసింది.

ప్రచారం ఎవరు చేశారు

మొదటి ఎడిషన్ ధర 6 షిల్లింగులు. ఆ రోజుల్లో హేస్టింగ్స్‌లో పెయింటర్ కూలి గంటకు 7 పెన్నీల దగ్గర. షిల్లింగుకు 12 పెన్నీలు. లెక్క వేయండి. ఎవరి గురించి ఆ పుస్తకం రాశాడో ఆ మనిషి దాన్ని కొనాలంటే పది గంటలకు పైగా నిచ్చెన మీద నిలబడాలి. 1918లో ఇంకా కుదించిన ఎడిషన్ ఒకటి 1 షిల్లింగుకు వచ్చింది. అప్పుడు కదిలింది పుస్తకం.

దాన్ని నడిపించింది ఆవిష్కరణ సభలు కావు. రచయితే లేడు, సభలో ఎవరికి శాలువా కప్పుతారు? ఒక్క కాపీ కొంటే సైటు గుడిసెలో పది మంది చదివేవాళ్లు. పాత పెయింటర్ కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాడి చేతిలో పెట్టి, ముందు ఇది చదువు, తర్వాత బ్రష్ పట్టు అనేవాడు. యూనియన్ మీటింగుల్లో ముక్కలు ముక్కలుగా చదివేవాళ్లు, నాటకాలుగా ఆడేవాళ్లు. రష్యన్‌లోకి, జర్మన్‌లోకి వెళ్లింది. 1940లో పెంగ్విన్ వాళ్లు చవక కాపీ వేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయిల సంచుల్లో తిరిగింది. 1945 ఎన్నికల్లో లేబర్ పార్టీ గెలవడంలో ఈ నవలకు కూడా చెయ్యి ఉందని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. మా ఇన్‌స్పెక్టర్ తండ్రి చేతికి, అక్కణ్నుంచి కొడుకు చేతికి, కొడుకు నుంచి జగిత్యాల మనిషి చేతికి వచ్చింది కూడా ఆ దారినే.

నలభై ఏళ్లు జనం చదివింది కోసిన పుస్తకమే. దీని వెనక ఇంకా ఏదో ఉందని పట్టుబట్టినవాడు ఫ్రెడ్ బాల్. ఆయనదీ హేస్టింగ్సే, పనివాడి కుటుంబమే. ట్రెసెల్ ఎవరో, ఎక్కడ పని చేశాడో, ఆయన్ని చూసినవాళ్లు ఎవరు మిగిలారో ఏళ్ల తరబడి తిరిగి అడిగాడు. అసలు చేతిరాత కాగితాలు ఎవరి దగ్గరున్నాయో కనిపెట్టి కొన్నాడు. 1951లో జీవిత చరిత్ర రాశాడు. 1955లో నవల మొత్తం, రాసింది రాసినట్టు, మొదటిసారి అచ్చయింది. రచయిత చనిపోయి 44 ఏళ్లు. ఇప్పుడు ఆ 1,600 పేజీలు లండన్‌లో కార్మిక సంఘాల లైబ్రరీ సంరక్షణలో ఉన్నాయి. సమాధి ఎక్కడుందో కనుక్కోవడానికి దాదాపు అరవై ఏళ్లు పట్టింది. ఇప్పుడు అక్కడ రాయి ఉంది, ఆయన పేరుతో పాటు ఆ గోతిలో ఉన్న మిగతా పన్నెండు మంది పేర్లు కూడా ఉన్నాయి. నాకు బాగా నచ్చిన విషయం అదే.

కాథ్లీన్ చనిపోయిందనే అందరూ అనుకున్నారు. పెళ్లి చేసుకుని తండ్రి చేరలేకపోయిన కెనడాకు ఆమె చేరింది. చాలా ఏళ్లకు ఇంగ్లండ్ తిరిగి వచ్చింది. 1960ల చివరలో, నేనే ఆ కూతుర్ని అని తెలియజేసింది. లక్షల మంది చదివిన పుస్తకం మీద ఆమెకు వచ్చిన సొమ్ము ఆ 25 పౌన్లే.

ఆరు పేజీలు

పోయిన సెలవులో ఆ పెయింటరన్న ఊరికి వెళ్లాను. పోకుండా ఉండటానికి వంద కారణాలు వెతికాను. చివరికి బస్సెక్కాను. వదిన చాయ్ పెట్టింది. కొడుకు ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. నోట్‌బుక్ పోలేదు, నేనే పారేయించాను అని చెప్పాను. ఆ అబ్బాయి లేచి బయటికి వెళ్లిపోయాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. అది ఇంకా కష్టమైంది.

కాసేపటికి వదిన అడిగింది: "మీరు సదివిన్రు గదా సార్. ఏం రాసిండో యాదున్నదా?"

ఆరు పేజీలు చదివానని చెప్పాను. గుర్తున్నంత చెప్పాను. మొదటి పేజీలో వీసా కోసం బర్రెను అమ్మడం. బర్రె అంగడి దాకా బాగానే నడిచి, అక్కడ తాడు మారినప్పుడు వెనక్కి తిరిగి చూడటం. బొంబాయి లాడ్జిలో పదహారు మంది ఒకే గదిలో పడుకోవడం. ఒకడు నిద్రలో భార్య పేరు పిలిస్తే మిగతా పదిహేను మందీ నవ్వకుండా ఊరుకోవడం. అబ్బాయి ఎప్పుడు లోపలికి వచ్చాడో చూడలేదు. ఫోన్లో రికార్డు చేస్తున్నాడు. "బర్రె పేరేమన్న రాసిండా?" అని వదిన అడిగింది. రాశాడు, లచ్చి. ఆమె తల ఊపింది. అది నిజమైన పేరే.

నేను ఆ రోజు క్షమాపణ అడగలేదు. అడిగితే ఇచ్చే బాధ్యత వాళ్ల మీద పడుతుంది.

మీకు ఒక మాట. మీ గదిలో రాసేవాడు ఒకడు ఉంటాడు. పాటో, కథో, ఉత్తరమో. రాత బాగుందా లేదా అన్నది తర్వాత సంగతి. నా ఆరు పేజీల అనుభవంతో చెప్తున్నా, బాగుంది అని ఊరికే అనకండి. చదవండి. చదవలేకపోతే చదవలేదని చెప్పండి. ఫోన్‌తో పేజీలు ఫోటో తీసి ఇంటికి పంపించమని చెప్పండి. రేకు పెట్టె ఇప్పుడు అందరి జేబుల్లోనూ ఉంది. రాసేవాళ్లకు చెప్పేది ఇంకొకటి. తగలబెట్టే ముందు ఆ కట్టను ఒక్కరి చేతిలో పెట్టండి. మీ రాతకు మీరు ఒక్కరే ఇన్‌స్పెక్టర్ కాకండి.

మా కంపెనీ ఫారంలో సామాను లిస్టుకు పద్నాలుగు గీతలుంటాయి. 2020 నుంచి నేను పదిహేనో గీత చేత్తో గీస్తున్నాను. అక్కడ 'చేతిరాత కాగితాలు' అని రాసి, ఉన్నాయా లేవా అని పక్కన పెడతాను. ఇప్పటిదాకా అలాంటి లిస్టులు ఐదు రాశాను. ఒక దాంట్లో ఉన్నాయి. హిందీలో రాసిన పాటలు, పదకొండు పేజీలు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బట్టల మధ్యలో చుట్టి పంపించాను.

వచ్చే వారం కలుద్దాం. ఉంటాను.